ఏడో అడుగు

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్ర రాజధాని కొలంబియా. అక్కడి యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్లు ఆడే కలోనియల్ లైఫ్ అరీనా ముందు ఒక కంచు విగ్రహం ఉంది. 2021 జనవరి 18న ఆవిష్కరించారు. ఆ యూనివర్సిటీలోనే నాలుగేళ్లు చదువుకుని, ఆ జట్టుకే ఆడిన ఏజా విల్సన్ విగ్రహం అది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. ఆ రోజు ఆమె తన అమ్మమ్మ హాటీ రేక్స్‌ను తలుచుకుంది. అమ్మమ్మ చిన్నతనంలో నల్లజాతి పిల్లలు ఆ ఆవరణలో అడుగు పెట్టడానికి వీల్లేదు. చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఇప్పుడు ఆ యూనివర్సిటీ వాకిట్లోనే మనవరాలి విగ్రహం నిలబడింది. కళ్లారా చూడటానికి అమ్మమ్మ లేదు. 2016లోనే కన్నుమూసింది.

ఏజా ఎత్తు ఆరడుగుల నాలుగు అంగుళాలు. ఆ ఎత్తు, ఆ వేగం, ఆ ఎగురు అమ్మానాన్నల నుంచి వచ్చాయి. నాన్న రాస్కో విల్సన్ కూడా విదేశాల్లో చాలా ఏళ్లు ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆడినవాడే. కానీ ఎత్తుగా పుట్టినందుకు ఎవరికీ విగ్రహం పెట్టరు. అమెరికా కాలేజీ జట్లలో ఆరడుగులు దాటిన అమ్మాయిలకు కొదవ లేదు.

మన భాషలో ‘అడుగు’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. టేపుతో కొలిచే అడుగు ఒకటి, కాలితో వేసే అడుగు ఇంకొకటి. కొలిచే అడుగులు పుట్టుకతో వస్తాయి. వేసే అడుగు నేర్చుకుంటేనే వస్తుంది. బాస్కెట్‌బాల్ రింగు పది అడుగుల ఎత్తులో ఉంటుంది. దేవుడు ఆరడుగులు ఇచ్చినా మిగతావి మనమే సంపాదించుకోవాలి. అందులో మొదటిది ఏడో అడుగు. ప్రతిభ ఉన్న పిల్లలు ఎక్కువమంది ఆగిపోయేది సరిగ్గా అక్కడే. ‘నీకేంటమ్మా, దేవుడిచ్చాడు’ అని చుట్టూ ఉన్నవాళ్లు పొగిడి వదిలేస్తారు. నేర్పాల్సినవాళ్లు నేర్పరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వరం ఉన్నవాళ్లకే శిక్షణ ఎక్కువ కావాలి. మీ ఇంట్లో ఆటలో చురుకైన అమ్మాయి ఉన్నా, ఆ అమ్మాయి మీరే అయినా, రేపు ఒక జట్టుకో ఆఫీసుకో మనుషుల్ని ఎంచుకునే బాధ్యత మీ మీద పడినా, ఏజా కథలో మీకు పనికొచ్చే పాఠాలు ఉన్నాయి.

1. ముందు మీ పక్క వీధిలో వెతకండి

2008లో డాన్ స్టేలీ సౌత్ కరోలినా కోచ్‌గా వచ్చారు. ఆమె ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలే. పిట్ట కొంచెం, కూత ఘనం. ఫిలడెల్ఫియాలోని పేదల కాలనీలో పెరిగి, 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో అమెరికాకు మూడు స్వర్ణాలు తెచ్చిన జట్లలో ఆడారు. ఏథెన్స్‌లో దేశ పతాకం పట్టుకుని నడిచారు. అంత పేరున్న మనిషి వచ్చినా మొదటి సీజన్లో జట్టు గెలిచింది 10 మ్యాచులు, ఓడింది 18. పేరు గెలిపించదు, మనుషులు గెలిపిస్తారు.

ఆ మనుషుల కోసం ఆమె దూరాలకు మాత్రమే పోలేదు. సొంత రాష్ట్రంలో గాలించారు. గూస్ క్రీక్ నుంచి అలీషా వెల్చ్ వచ్చింది. అర్మో నుంచి అలైనా కోట్స్ వచ్చింది. కొలంబియా పక్కనే ఉన్న హాప్కిన్స్‌లో ఏజా పెరుగుతోంది. హైస్కూల్ రోజుల నుంచీ స్టేలీ ఆమె ఆట చూస్తూనే ఉన్నారు. పేరు పెద్దదయ్యాక కబురు పంపడం వేరు, పిల్ల చిన్నగా ఉన్నప్పుడే వచ్చి గోడవార కూర్చుని చూడటం వేరు. అమ్మాయిలకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

మీరు మేనేజరైనా, స్కూలు ప్రిన్సిపాలైనా ఇదే చేయండి. పెద్ద ఊరి నుంచి మెరుపులు తెప్పించే ముందు మీ కింద మూడేళ్లుగా నిశ్శబ్దంగా పని చేస్తున్నవాళ్ల వైపు ఒకసారి తిరిగి చూడండి.

2. తప్పు చేశాక మొహం చూడండి

ఎగిరే అమ్మాయిని గుర్తుపట్టడానికి కోచ్ అక్కర్లేదు. గ్యాలరీలో వేరుశెనక్కాయలు తింటున్నవాళ్లకు కూడా కనిపిస్తుంది. కోచ్ చూడాల్సింది వేరే. బంతి చేజారాక ఆ పిల్ల తల పట్టుకుని నిలబడిందా, వెనక్కి పరుగెత్తిందా? తోటి ఆటగత్తె షాటు తప్పిపోతే మొహం చిట్లించిందా, చెయ్యి చాచిందా? కోచ్ బయటికి పిలిస్తే టవలు విసిరి కూర్చుందా, పక్కన కూర్చున్నదానితో ఆట గురించి మాట్లాడిందా? మ్యాచ్ అయ్యాక సంచి తనే మోసుకుందా, అమ్మ చేతికిచ్చిందా?

కనెటికట్ యూనివర్సిటీ కోచ్ జీనో ఆరియెమ్మా 2016లో ఈ మాటే బల్లగుద్ది చెప్పారు. వీడియోలు చూసేటప్పుడు ఆయన బెంచి మీద కూర్చున్నవాళ్లను కూడా గమనిస్తారట. ఆట మీద ధ్యాస లేకుండా కూర్చున్న పిల్ల ఆయన జట్టులో మైదానంలోకి రాదు. తనే లోకం అనుకునే పిల్లలతో గెలవడం కంటే ఓడటం మేలన్నది ఆయన లెక్క. బ్రియానా స్టీవర్ట్ లాంటి ఆటగత్తెను తీర్చిదిద్ది, 2013 నుంచి 2016 దాకా వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచిన కోచ్ మాట అది. ఊరికే తోసిపుచ్చేది కాదు.

ఎత్తు, వేగం, బలం మొదటి పది నిమిషాల్లో తెలిసిపోతాయి. స్వభావం తెలియాలంటే ఓడిపోతున్న మ్యాచులో చివరి పది నిమిషాలు చూడాలి. కాబట్టి సెలక్షన్స్‌కు వెళ్లే అమ్మాయిలూ, గుర్తుపెట్టుకోండి. బంతి మీ చేతిలో లేనప్పుడే మిమ్మల్ని ఎక్కువగా చూస్తారు.

3. అడగడంలో ఓపిక, వినడంలో మర్యాద

ఏజాను 2014లో దేశంలోనే నంబర్ వన్ హైస్కూల్ ఆటగత్తెగా లెక్కగట్టారు. ఆమె జాబితాలో చివరికి మిగిలిన నాలుగు యూనివర్సిటీలు కనెటికట్, టెనెసీ, నార్త్ కరోలినా, సౌత్ కరోలినా. ఆ ఏప్రిల్ 8న కనెటికట్ 40 మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా జాతీయ టైటిల్ గెలిచింది. సౌత్ కరోలినా అప్పటిదాకా ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల దశ, గడప తొక్కలేదు. ఏప్రిల్ 16న, ఆ గెలుపు సందడి ఇంకా సద్దుమణగకముందే, ఏజా ఇంటి పక్క జట్టును ఎంచుకుంది. అప్పటికే వండి వడ్డించిన విస్తరి ఒకవైపు, పొయ్యి రాజేయాల్సిన ఇల్లు ఒకవైపు. ఆమె పొయ్యి రాజేసే ఇంటికి వెళ్లింది. ఏళ్ల తరబడి వచ్చి కూర్చున్న మనిషి మీద నమ్మకం లేకపోతే ఎవరూ అలా చేయరు.

అడగడం అంటే ఏమిటో టెనెసీ కోచ్ ప్యాట్ సమ్మిట్ నుంచి కూడా నేర్చుకోవచ్చు. 1990 సెప్టెంబరులో ఆమె నిండు గర్భిణి. అయినా పెన్సిల్వేనియాలోని మకుంజీ అనే ఊరికి విమానంలో వెళ్లి మిషెల్ మార్సినియాక్ అనే అమ్మాయి ఇంట్లో కూర్చున్నారు. అక్కడుండగానే నొప్పులు మొదలయ్యాయి. చెప్పాల్సింది చెప్పి అప్పుడు లేచారు. తిరుగు ప్రయాణంలో దారిలో వర్జీనియాలో దిగుదామంటే ఒప్పుకోలేదు. ఆ ఏడాదే టోర్నమెంటులో తన జట్టును ఓడించింది వర్జీనియా. బిడ్డ టెనెసీలోనే పుట్టాలని పట్టుబట్టారు. అలాగే పుట్టాడు. ఆమెను ఓడించిన ఆ వర్జీనియా జట్టులో ఒక పొట్టి అమ్మాయి ఉంది. ఆ అమ్మాయే డాన్ స్టేలీ.

ఇంత చేసినా మార్సినియాక్ వేరే యూనివర్సిటీని ఎంచుకుంది. నోటర్ డేమ్‌కు వెళ్లింది. సమ్మిట్ తలుపు మూసేయలేదు. ఏడాది తర్వాత ఆ అమ్మాయి టెనెసీకే మారి వచ్చింది. 1996లో టెనెసీ టైటిల్ గెలిచినప్పుడు ఫైనల్ ఫోర్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి ఆమే. కాదన్నవాళ్ల గడప దగ్గర కూడా మర్యాదగా సెలవు తీసుకోండి. ఇవాళ కాదన్న మనిషి రేపు మీ మర్యాద గుర్తుపెట్టుకుని తిరిగి రావచ్చు.

4. బెంచి మీద కూర్చోవడం కూడా శిక్షణే

దేశంలో నంబర్ వన్ అమ్మాయి కాలేజీకి వచ్చింది. మొదటి మ్యాచులో ఆట మొదలుపెట్టే అయిదుగురిలో ఉండాలి కదా? లేదు. ఏజా మొదటి ఏడాదంతా దాదాపుగా బెంచి నుంచే లేచి వచ్చి ఆడింది. ఆమె స్థానంలో వెల్చ్ ఆట మొదలుపెట్టేది. వెల్చ్ చివరి సంవత్సరం అమ్మాయి, చెమటోడ్చి ఆ చోటు సంపాదించుకుంది. దాన్ని స్టేలీ కొత్తగా వచ్చిన పేరుకు ధారపోయలేదు.

ఇక్కడే ఇళ్లలో గొడవలు మొదలవుతాయి. కాకి పిల్ల కాకికి ముద్దు. ‘మా అమ్మాయిని ఎందుకు ఆడించరు?’ అని నాన్న ఫోను చేస్తాడు. ‘ఆ కోచ్‌కు మనమంటే పడదు’ అని అమ్మ కారులో అంటుంది. వెనక సీట్లో పిల్ల వింటూ ఉంటుంది. ఆ ఒక్క మాటతో ఏడాది శిక్షణ నీళ్లపాలు.

ఏజా ఆ ఏడాది ఏం చేసింది? బెంచి మీద నుంచి వచ్చి కూడా మ్యాచుకు సగటున 13.1 పాయింట్లు సాధించింది. తమ కాన్ఫరెన్స్‌లో, అంటే తమ యూనివర్సిటీ ఆడే లీగులో, ఆ ఏడాది అత్యుత్తమ కొత్త క్రీడాకారిణి అయింది. జట్టు మొదటిసారి ఫైనల్ ఫోర్ చేరింది.

మొదట కూర్చున్న అమ్మాయి ఆటను పైనుంచి చూస్తుంది. ఎదురు జట్టులో ఎవరు అలిసిపోయారు, ఎవరు ఎడమవైపు రావడానికి భయపడుతున్నారు, రిఫరీ ఇవాళ దేనికి విజిల్ వేస్తున్నాడు, ఇవన్నీ కూర్చున్నవాళ్లకే బాగా తెలుస్తాయి. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. మొదటి ఆరు నెలలు మీకు పెద్ద పని ఇవ్వకపోతే అలగకండి. చూడండి. రాసుకోండి. పిలుపు వచ్చిన రోజు పరుగెత్తడానికి కాళ్లు సిద్ధంగా ఉంచుకోండి.

5. రాని చెయ్యికి రోజూ పని చెప్పండి

1942లో షికాగోలోని డిపాల్ యూనివర్సిటీకి జార్జ్ మైకన్ అనే కుర్రాడు వచ్చాడు. ఆరడుగుల పది అంగుళాలు. సోడాబుడ్డి కళ్లద్దాలు. నడిస్తే కాళ్లు తడబడేవి. ఇంత పొడుగువాడు ఆటకు పనికిరాడని అప్పట్లో చాలామంది నమ్మకం. కోచ్ రే మేయర్ మాత్రం అతనితో స్కిప్పింగ్ చేయించాడు. డ్యాన్సు నేర్పించాడు. రింగు కింద నిలబెట్టి రెండు చేతులతో మార్చి మార్చి వందల షాట్లు వేయించాడు. ఆ సాధనకు ఇప్పటికీ మైకన్ డ్రిల్ అనే పేరు. మైకన్ తన కాలంలో అమెరికాలో అందరికంటే గొప్ప ఆటగాడయ్యాడు.

ఆ డ్రిల్‌ను దగ్గర నుంచి చూడండి. అమ్మాయి సరిగ్గా రింగు కింద నిలబడుతుంది. బంతి గడ్డం దగ్గర. ఎడమ కాలు నేలను తన్నుతుంది, కుడి మోకాలు లేస్తుంది, కుడిచెయ్యి బంతిని బోర్డు మీదికి మెత్తగా ఆనిస్తుంది. నెట్లోంచి జారిన బంతి నేలను తాకకముందే రెండు చేతులూ అందుకుంటాయి. చేతులు భుజాల కిందికి దిగకూడదు. దించితే మ్యాచులో పొట్టి పిల్ల వచ్చి లాక్కుపోతుంది. ఒక్క అడుగు అటుపక్కకు. ఈసారి కుడి కాలు తన్నుతుంది, ఎడమ చెయ్యి ఆనిస్తుంది. అటు ఒకటి, ఇటు ఒకటి. ముప్ఫయ్యో షాటుకు భుజాలు మండుతాయి. రాని చెయ్యి అప్పుడే మొండికేస్తుంది. నేర్చుకోవడం అక్కడి నుంచే మొదలు.

ఎగరగలిగే అమ్మాయికి ఈ డ్రిల్ అంటే విసుగు. హైస్కూల్లో ఆమెకు దీని అవసరం రాలేదు మరి. అందరికంటే ఎత్తుకు ఎగిరి, వచ్చిన చేత్తోనే వేసేసింది. కాలేజీకి వచ్చాక అంతే ఎత్తున్నవాళ్లు ఎదురవుతారు. వాళ్లు ఆమెను వీడియోలో చూసి వచ్చి, రాని చెయ్యి వైపే నెడతారు. ఏజాది ఎడమచేతి వాటం. అలాంటి ఆటగత్తెను ఎవరైనా కుడివైపుకే తోస్తారు. పొడుగు పిల్ల కదా అని రింగు కింద పాతేయకుండా, చిన్నప్పుడే నాన్న ఆమెకు బంతి నడిపించే గార్డుల విద్యలు నేర్పాడు. బంతిని నేల మీద ఆడించడం, దూరం నుంచి షాటు వేయడం అలవాటు చేశాడు.

ఈ సాధన కాలేజీతో ఆగలేదు. 2020లోనే ఆమె అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో అత్యంత విలువైన క్రీడాకారిణి అయింది. మూడు పాయింట్ల షాట్లు మాత్రం అప్పటికి దాదాపుగా వేసేదే కాదు. 2022లో బెకీ హామన్ ఆమె జట్టుకు కోచ్‌గా వచ్చాక వాటిని తన ఆటలో కలుపుకుంది. కిరీటం పెట్టుకున్నాక కొత్త పాఠం మొదలుపెట్టడం అంటే అదీ. 2024లో, ఆ లీగులో ఒకే సీజన్లో 1,000 పాయింట్లు దాటిన మొదటి క్రీడాకారిణి అయింది. 2025లో నాలుగోసారి అదే అవార్డు అందుకుంది. అంతకుముందు ఎవరికీ నాలుగు లేవు.

మీకు రాని చెయ్యి ఏది? కొందరికి ఇంగ్లిష్ మాట్లాడటం, కొందరికి లెక్కలు, కొందరికి నలుగురిలో లేచి నిలబడటం. రోజూ పది నిమిషాలు దానికే ఇవ్వండి.

6. ఒళ్లు జాగ్రత్త

బాగా ఎగిరే అమ్మాయికి మొదటి శత్రువు నేల. ఎగరడం ఎవరూ నేర్పక్కర్లేదు, దిగడం నేర్పాలి. మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటు తెగే గాయాలు ఇలాంటి ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ముడుచుకోవడం, కాళ్లు బిర్రుగా ఉంచి దిగడం అందుకు ముఖ్య కారణాలు. రెండు పాదాల మీద, మోకాళ్లు వంచి, పిల్లి దిగినట్టు చప్పుడు లేకుండా దిగాలి. తొడ వెనక కండరాలు, పిరుదుల కండరాలు గట్టిపడే వ్యాయామం వారానికి రెండు మూడు రోజులైనా ఉండాలి. ఇలాంటి శిక్షణ వల్ల ఈ గాయాలు తగ్గుతాయని వైద్యులు ఎప్పుడో తేల్చారు.

రెండోది తిండి. నెలసరి వచ్చే వయసు అమ్మాయికి ఇనుము తగ్గితే ఆయాసం వస్తుంది, కాళ్లు బరువెక్కుతాయి. కోచ్ దాన్ని బద్ధకం అనుకుంటాడు. రక్తపరీక్ష చేయించండి. ఆట ఎక్కువై తిండి చాలక నెలసరి ఆగిపోతే ‘హాయిగా ఉంది’ అనుకోవద్దు. ఎముకలు బలహీనపడుతున్నాయని ఒంటి హెచ్చరిక అది. డాక్టర్‌కు చూపించండి. ఈ సంగతులు అమ్మాయి సిగ్గు పడకుండా చెప్పుకోగల పెద్ద మనిషి ఒకరు జట్టులో ఉండి తీరాలి. అలాంటి మనిషి లేని జట్టుకు మీ పిల్లను పంపే ముందు రెండుసార్లు ఆలోచించండి.

7. చదువు వదులుకోకండి, లోపం దాచుకోకండి

ఏజాకు డిస్లెక్సియా ఉంది. అక్షరాలు అందరికీ అమిరినట్టు ఆమెకు అమరవు. హైస్కూల్లో ఉండగా ఆ సంగతి తేలింది. క్లాసులో గట్టిగా చదవమంటారేమోనని భయపడే పిల్ల, వేలమంది ముందు ఫ్రీ త్రో వేయడానికి భయపడలేదు. తర్వాత ఆమె ఆ భయం గురించి బాహాటంగా మాట్లాడింది. కాలేజీ పూర్తి చేసింది. డిస్లెక్సియా ఉన్న పిల్లల కోసం ఫౌండేషన్ పెట్టింది. పుస్తకమూ రాసింది. లోపాన్ని దాచినంత కాలం అది మన మీద పెత్తనం చేస్తుంది. ఒకరికి చెప్పిన రోజు నుంచి దానికి మందు దొరుకుతుంది.

ప్యాట్ సమ్మిట్ 38 ఏళ్లలో 1,098 మ్యాచులు, ఎనిమిది టైటిళ్లు గెలిచారు. నేను వాటికంటే గొప్పగా చెప్పుకునే లెక్క ఇంకొకటుంది. ఆమె దగ్గర టెనెసీలో పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పుచ్చుకునే బయటికి వెళ్లింది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఇది గట్టిగా పట్టించుకోవాలి. అమెరికాలో కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో నిర్ణయించిన 16 ముఖ్య కోర్సులు పూర్తి చేయాలి. వాటిలో కనీస మార్కులు రావాలి. పదకొండో తరగతిలో నిద్ర లేస్తే ఆలస్యమైపోతుంది. డివిజన్ త్రీ కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు, ఐవీ లీగ్ కాలేజీలూ ఇవ్వవు. ఈ సంగతులు ముందే తెలుసుకోండి. మంచి ఆట వీడియోలతో కోచ్‌లకు ఈమెయిల్ మీ అమ్మాయి చేతే రాయించండి. మీరు రాయకండి. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. తన గురించి తను అడగడం నేర్చుకోవడమే ఆమెకు మొదటి డ్రిల్.

భారతదేశం నుంచి ఈ దారి అసాధ్యమేం కాదు. బెంగళూరు అమ్మాయి సంజనా రమేశ్ నార్తర్న్ అరిజోనా యూనివర్సిటీకి ఆడింది. అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. స్కాలర్‌షిప్ చేతికొచ్చిన రోజు ఆరడుగులు కొలిచినట్టు. నడవాల్సిన అడుగులు అప్పుడు మొదలవుతాయి.

8. ఓటమికి తేదీ వేసి దాచుకోండి

2015 ఫైనల్ ఫోర్‌లో సౌత్ కరోలినా నోటర్ డేమ్ చేతిలో 66-65తో ఓడింది. ఒకే ఒక్క పాయింటు. 2016లో టోర్నమెంటు మధ్యలోనే సిరక్యూస్ చేతిలో ఇంటి ముఖం పట్టింది. 2017లో అసలు పరీక్ష వచ్చింది. టోర్నమెంటు వేళకు కోట్స్ చీలమండ గాయంతో పక్కకు తప్పుకుంది. రింగు కింద ఏజాకు తోడు నిలిచే రెండో గోడ కూలిపోయింది.

కూలిన గోడను చూస్తూ కూర్చోలేదు. స్టేలీ జట్టును మార్చారు. ఉన్న చిన్నవాళ్లతో వేగం పెంచారు. నాన్న నేర్పిన గార్డు విద్యలు, మొదటి ఏడాది బెంచి మీద చూసి నేర్చుకున్నవి, అన్నీ ఏజాకు ఆ మూడు వారాల్లో అక్కరకొచ్చాయి. ఏప్రిల్ 2న డాలస్‌లో జరిగిన ఫైనల్లో మిసిసిపీ స్టేట్ మీద 67-55తో గెలిచారు. అంతకు రెండు రోజుల ముందే కనెటికట్ వరుస 111 గెలుపుల పరుగును ఆపిన జట్టు అది. ఏజా 23 పాయింట్లు, 10 రీబౌండ్లతో ఫైనల్ ఫోర్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి అయింది.

ఎనిమిదేళ్ల తర్వాత ఇదే పాఠం ఇంకోసారి. 2025 ఆగస్టు 2న ఆమె ఆడే లాస్ వేగాస్ జట్టు 53 పాయింట్ల తేడాతో చిత్తయింది. ఆ తర్వాత మిగిలిన 16 లీగు మ్యాచులూ వరుసగా గెలిచి, చివరికి టైటిల్ పట్టుకుపోయింది. ఓడిన రోజు తేదీ గోడ మీద రాసుకోండి. పగ కోసం వద్దు. ఆ రోజు ఏ అడుగు తప్పిందో మరిచిపోకుండా ఉండటానికి రాసుకోండి.

9. గెలిచాక చిన్న ముక్కయినా పంచండి

అమెరికాలో టైటిల్ గెలిచినవాళ్లు నిచ్చెన ఎక్కి రింగుకున్న నెట్‌ను కత్తిరించుకుని దాచుకుంటారు. 1999లో పర్డ్యూ జట్టుతో టైటిల్ గెలిచిన కెరొలిన్ పెక్, ఆ ఘనత సాధించిన మొదటి నల్లజాతి మహిళా కోచ్. తన నెట్‌లోంచి ఒక ముక్కను ఆమె తర్వాత స్టేలీ చేతికిచ్చారు. చిన్న తాడు ముక్క. నువ్వూ గెలుస్తావన్న నమ్మకం దాని విలువ. స్టేలీ దాన్ని భద్రంగా దాచుకున్నారు. తాను గెలిచాక 2017 నాటి నెట్‌ను ముక్కలు చేసి, దేశంలోని తోటి నల్లజాతి మహిళా కోచ్‌లకు పంపారు.

ప్రతిభను పెంచే పద్ధతి చివరికి ఇదే. ఒకరు నమ్మి ఇచ్చారు, మనం గెలిచి ఇంకొకరికి ఇవ్వాలి. మీకు మొదటి ఉద్యోగం చూపించిన మనిషి గుర్తున్నారా? ఆ రుణం ఆయనకే తీర్చక్కర్లేదు. మీ తర్వాత వచ్చిన పిల్లకు తీర్చండి.

10. మన ఇళ్లలో మెడ వంచిన అమ్మాయిలకు

పెళ్లిళ్లలో చూడండి. పొడుగ్గా ఎదిగిన అమ్మాయి ఫొటో తీసేటప్పుడు వెనక వరసకు పోయి, కాస్త మోకాళ్లు వంచి నిలబడుతుంది. ‘ఇంత ఎత్తైతే సంబంధాలు కష్టమమ్మా’ అనే పెద్దమ్మ ఒకరు ప్రతి చుట్టరికంలో ఉంటారు. ఆ మాట పదేపదే విన్న పిల్ల భుజాలు ముడుచుకుని నడవడం నేర్చుకుంటుంది. మనం ఆ పిల్లకు నేర్పిన మొదటి అడుగు అది. తప్పటడుగు.

దాన్ని మనమే సరిదిద్దాలి. డ్రిల్లు మాస్టారు మీ అమ్మాయిని సెలక్షన్స్‌కు పంపమని అడిగితే ‘పరీక్షలున్నాయండీ’ అని వెంటనే తలుపేయకండి. ఆయన ఆమెలో ఏం చూశారో కూర్చోబెట్టి అడగండి. వారానికి మూడు సాయంత్రాలు గ్రౌండుకు పంపి, మూడు నెలలు చూడండి. ఏజాకు కూడా మొదట్లో ఈ ఆటంటే ఇష్టం లేదు. నాన్న చెయ్యి పట్టుకుని కోర్టుకు తీసుకెళ్లాడు, మెల్లగా ఇష్టం పుట్టింది. పుట్టకపోతే మరో ఆట ఉంది, మరో కళ ఉంది. భుజాలు నిటారుగా నిలబెట్టి నడవడం మాత్రం తప్పకుండా వస్తుంది.

డ్రిల్లు మాస్టార్లకు ఒక మాట. బాగా ఎగిరే పిల్ల దొరికిందని మురిసిపోయి ప్రతి మ్యాచులో ఆమె మీదే బరువంతా వేయకండి. ఈ ఏడాది జిల్లా కప్పు కంటే ఆమె మోకాళ్లు, ఆమె రాని చెయ్యి, ఆమె పదో తరగతి ముఖ్యం.

అమ్మాయిలకు ఒక మాట. నీ ఎత్తు, నీ వేగం నీకు వచ్చిన ఆస్తి. సిగ్గుపడకు, గర్వపడకు. సాగు చెయ్యి.

అమ్మానాన్నలకు ఆఖరి మాట. ఈ ఆదివారం మీ అమ్మాయి ఆట చూడటానికి వెళ్లండి. ఫోను జేబులో పెట్టి మొదటి నుంచి చివరి దాకా కూర్చోండి. ఆమె బెంచి మీద ఉంటే బెంచినే చూడండి. ఇంటికి వచ్చేటప్పుడు ఎన్ని పాయింట్లు వేశావని అడగొద్దు. ఇవాళ కొత్తగా ఏం నేర్చుకున్నావు తల్లీ అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.